డాక్టర్ సాబ్ ఒక్కపొద్దు

మెదక్‌లో రాందాస్ చౌరస్తా దాటి నాలుగడుగులు వేస్తే ఒక పాత దవాఖానా ఉండేది. బోర్డు మీది అక్షరాలు ఎండకు వెలిసి వెలిసి ‘డాక్టర్ కరుణాకర్’ అన్నంత మటుకే మిగిలాయి. పక్కనుండాల్సిన చదువు ఎప్పుడో చెరిగిపోయింది. మళ్లీ రాయిద్దామని కాంపౌండర్ ఎల్లం పదేళ్లు పోరు పెట్టాడు. “మనోళ్లు బోర్డు చదివి వస్తుండ్రా ఎల్లం?” అని డాక్టర్ నవ్వి ఊరుకునేవాడు. ఆ మాటా నిజమే. పాపన్నపేట నుంచి, టేక్మాల్ నుంచి, అటు రేగోడ్ నుంచి వచ్చేవాళ్లకు ఆయన చదువు కన్నా హస్తవాసి మీదే గురి. ఆయన గడప తొక్కితేనే సగం జ్వరం దిగుతుందని చెప్పుకునేవాళ్లు. మిగతా సగానికి మాత్రం సూది పడాల్సిందే.

ఆయన వైద్యానికి ఒక పద్ధతి ఉండేది. నాడి పట్టుకునే ముందు, నాలుక చూసే ముందు ఒకటే అడిగేవాడు: “ఏం తిన్నవ్? ఏం కూర?” దగ్గుతో వచ్చినా, కాలు బెణికి వచ్చినా అదే ప్రశ్న. బెణికిన కాలికీ బీరకాయ కూరకూ ఏం సంబంధమని కొత్తవాళ్లు బిత్తరపోయేవాళ్లు. పాతవాళ్లయితే బల్ల మీద కూర్చోకముందే “పుంటికూర సారూ, రాత్రిది” అని చెప్పేసేవాళ్లు. మనిషి ఏం తిన్నాడో తెలిస్తే ఇల్లెట్లా నడుస్తోందో తెలుస్తుంది, ఇల్లెట్లా నడుస్తోందో తెలిస్తే రోగం ఎక్కడిదో తెలుస్తుందని ఆయన నమ్మకం. సగం మందికి మందు కన్నా ముందు నాలుగు చీవాట్లు పడేవి, అంబలి తాగమనో, రాత్రి కూర పారబోయమనో.

శుక్రవారం మాత్రం ఆ ప్రశ్న ఉండేది కాదు. శుక్రవారం ఆయనకు ఒక్కపొద్దు. పొద్దున్నే స్నానం చేసింది మొదలు సాయంత్రం దీపం పెట్టేదాకా మంచినీళ్లు తప్ప నోట్లోకి ఏదీ పోదు. కడుపు కాలుతున్న మనిషి పక్కవాడి కూర సంగతి అడిగి ఏం బావుకుంటాడు?

ఆ ఒక్కపొద్దు వెనక ఒక పిల్లవాడున్నాడు. తొంభై మూడు వానకాలంలో డాక్టర్ కొడుకు శశిధర్‌కు నాలుగేళ్లు. జ్వరమొచ్చిన మూడో రోజుకు మెడ బిగుసుకుపోయింది. మెదడువాపు. ఊరందరి పిల్లలకు సూదులేసిన చెయ్యి సొంత కొడుకు దగ్గరికి వచ్చేసరికి సూది పక్కన పెట్టేసింది. అప్పటికప్పుడు జీపు మాట్లాడుకుని పట్నానికి పరుగెత్తారు. అద్దాల తలుపుల పెద్ద దవాఖానాలు అప్పుడప్పుడే పుట్టుకొస్తున్న రోజులవి. అక్కడి పెద్ద డాక్టర్ పిల్లవాణ్ని చూసి, తోటి డాక్టర్‌తో మాట్లాడినట్టే మర్యాదగా మాట్లాడాడు. ఆ మర్యాదే కరుణాకర్‌ను భయపెట్టింది. పల్లెటూరి రైతుకైతే “దేవుడున్నాడు” అని చెప్పేవాళ్లు. ఈయనకు నూటికి ఎంతమంది బతుకుతారో చెప్పారు.

బయటికొచ్చి ఎస్టీడీ బూత్‌లో నిలబడ్డాడు. మెదక్‌లో ఇంకో ఎస్టీడీ బూత్ దగ్గర ఎల్లం పొద్దున్నుంచీ కాచుకుని ఉన్నాడు. “ఇంక కండ్లు తెర్వలే” అని అతనికి చెప్పి ఫోన్ పెట్టేసి, కరుణాకర్ బూత్ అద్దానికి నుదురానించి మొక్కుకున్నాడు. మంజీర ఏడు పాయలుగా చీలిన చోట, పాపన్నపేట పక్కన, రాళ్ల మధ్యన వెలసిన తల్లి ఆయన ఇంటి ఇలవేల్పు. “ఏడుపాయల దుర్గమ్మా, వీడు నాకు దక్కితే బతికినన్ని దినాలు శుక్రారం ఒక్కపొద్దుంట. నేను తప్పిననాడు నీ ఇష్టం.” ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. కానీ భయంలో ఉన్న మనిషి ఎంత మాటైనా అనేస్తాడు. తొమ్మిదో రోజు పిల్లవాడు కళ్లు తెరిచి చాక్లెట్ అడిగాడు.

అప్పట్నుంచి పద్దెనిమిదేళ్లు. మెదక్‌లో ఇంటింటికీ రంగుల టీవీ వచ్చింది. టై కట్టుకున్న మెడికల్ రెప్‌లు నల్ల బ్యాగులు పట్టుకుని దవాఖానా మెట్లెక్కారు. తోటి డాక్టర్లు పట్నం చేరి స్కానింగ్ సెంటర్లు పెట్టి, ఈయన్నూ రమ్మని కబురు చేశారు. “ఏడుపాయల దూరమైతది” అని తప్పించుకున్నాడు. పెళ్లాం బిడ్డలు, దవాఖానా, దుర్గమ్మ, ఇంతే ఆయన ప్రపంచం. అది చిన్నదని ఆయనకెప్పుడూ అనిపించలేదు.

భార్య సుశీల మాత్రం ఒక్కపొద్దు ఉండేది కాదు. “మొక్కింది మీరు, కడుపు మాడాల్సింది మీదే” అని శుక్రవారం కూడా ఒంటిగంటకు టంచనుగా తినేసేది. సాయంత్రం దీపం పెట్టాక ఆయన పక్కన కూర్చుని మళ్లీ రెండు ముద్దలు తినేది, అది వేరే సంగతి. సరిగ్గా ఏడు గంటలకు ఫోన్ మోగేది. శశిధర్ పట్నంలో యూనివర్సిటీలో లా చదువుతున్నాడు. దేవుడూ లేడు దయ్యమూ లేదని వాదించే వయసు. అయినా ఏ శుక్రవారమూ ఫోన్ తప్పలేదు. “ఒక్కపొద్దు ఇడిసినవా బాపూ?” “ఇడిసిన బిడ్డా.” అంతే మాట్లాడుకునేవాళ్లు. తండ్రి ఆకలి తనకోసమేనని ఆ నాస్తికుడికి బాగా తెలుసు.

రెండువేల పదకొండులో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపో దాటలేదు. బడులకు తాళాలు, ఆఫీసులకు తాళాలు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు. చౌరస్తాలో టెంటు వేసి వంతులవారీగా నిరాహార దీక్షకు కూర్చున్నారు. శశిధర్ చదువు పక్కనబెట్టి పట్నంలో ఊరేగింపుల ముందు నడుస్తున్నాడు. టీవీలో లాఠీలు లేచినప్పుడల్లా సుశీల కొడుకు చొక్కా రంగు కోసం వెతికేది. డాక్టర్ మటుకు పైకి ఏమీ అనేవాడు కాదు. శుక్రవారాలు తప్పకుండా ఉంటున్నాను కదా, అమ్మ చూసుకుంటుందిలే అని లోపల గట్టి ధైర్యం.

రోజూ మధ్యాహ్నం టెంటు దగ్గరికి పోయి దీక్షలో ఉన్నవాళ్లకు బీపీ చూసి రావడం ఆయన పని. ఆ శుక్రవారం కూడా పోయాడు. రిటైరైన పంతులు నర్సింగం దండ వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ఆయనకు పదేళ్లుగా షుగర్.

“షుగర్ ఉన్నోళ్లు లెవ్వుండ్రి” అని డాక్టర్ కేకేశాడు.

“తెలంగాణ కోసం ఒక్క పూట పస్తుండొద్దా డాక్టర్ సాబ్?”

“జై తెలంగాణ అననీకి ముందుగాల పానముండాలె గద పంతులూ. తినుండ్రి” అని అరటిపండు ఒలిచి ఆయన చేతిలో పెట్టాడు. పొద్దున్నుంచీ తాను పచ్చి మంచినీళ్ల మీదున్నాడు. ఊరందరికీ చెప్పే బుద్ధి ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది, అది లోకరీతి. ఈయనేం దానికి మినహాయింపు కాదు.

అప్పుడే పాపన్నపేట వైపు నుంచి ఒక ఆటో హారన్ మోత మోగించుకుంటూ వచ్చింది. రోడ్డుకడ్డంగా ఉడుకుతున్న అన్నం గుండిగను నలుగురు పట్టుకుని పక్కకు జరిపారు. ఆటో నడుపుతున్నది నగేష్. వెనక సీట్లో వాళ్లమ్మ సిద్దమ్మ వాలిపోయి ఉంది. ఒళ్లంతా చెమట, గుర్రు పెడుతున్నట్టు ఊపిరి.

“గాలి సోకిందంటుండ్రు సారూ, జర చూడుండ్రి!” అని నగేష్ ఏడుపు గొంతుతో అన్నాడు.

సిద్దమ్మ డాక్టర్‌కు ఇరవయ్యేళ్లుగా తెలుసు. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి, ఐదేళ్లుగా షుగర్. నెలకోసారి సోమవారం వచ్చేది, అడిగిన దానికల్లా తలూపేది. మొన్నటి సోమవారం చూసినప్పుడు షుగర్ బాగా ఎక్కువుంటే డాక్టరే గోలీ పెంచి, “పొద్దుగాల లేవంగనే ఏసుకోవాలె. ఒక్కనాడు తప్పినా ఊకోను” అని గద్దించి పంపాడు.

దవాఖానాలో పడుకోబెట్టి వేలు గుచ్చి చూస్తే షుగర్ ముప్పైకి లోపల ఉంది. గ్లూకోజ్ ఎక్కిద్దామంటే నరం దొరకలేదు. ఒకసారి గుచ్చాడు, రెండుసార్లు గుచ్చాడు. ఎల్లం టార్చిలైటు పట్టుకున్నాడు. మూడోసారికి దొరికింది. పది నిమిషాలు పది యుగాల్లా నడిచాక ముసలమ్మ కళ్లు తెరిచి పైకప్పును, ఫ్యానును, డాక్టర్‌ను వరసగా చూసింది.

“సిద్దవ్వా, పొద్దుగాల గోలీ ఏసుకున్నవా?”

“ఏసుకున్న సారూ. తప్పితే ఊకోనంటివి గద.”

“మరేం తిన్నవ్?”

ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నగేష్ నేలచూపులు చూశాడు.

“ఏం తిన్నవే అవ్వా?”

“ఇయ్యాల శుక్రారం గద సారూ. నువ్వు ఒక్కపొద్దుంటవు, నేనెట్ల తింట?”

డాక్టర్‌కు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ లాక్కుని కూర్చుని, ముసలమ్మ చెప్పేది విన్నాడు. పద్దెనిమిదేళ్ల కింద కొడుకును తీసుకుని ఊరికి తిరిగొచ్చిన మొదటి శుక్రవారం సిద్దమ్మ వేలికి కట్టు కట్టించుకోవడానికి వచ్చిందట. ఎల్లం చాయ్ తెస్తే డాక్టర్ వద్దన్నాడట. ఎందుకని అడిగితే ఎల్లం మొక్కు సంగతి చెప్పాడట. ఆ వారం నుంచే ఆమె కూడా మొదలుపెట్టింది. షుగర్ వచ్చాక శుక్రవారాలు గోలీ పొద్దున మానేసి, రాత్రి అన్నం తిన్నాకే వేసుకునేది. మొన్న డాక్టర్ గద్దించాడు కాబట్టి ఈసారి పొద్దున్నే వేసుకుంది. డాక్టర్ చెప్పిందీ చేసింది, డాక్టర్ చేసిందీ చేసింది. రెండూ కలిసి ప్రాణం మీదికి తెచ్చాయి.

“నా మొక్కుకు నువ్వెందుకుండాలె అవ్వా?” అని డాక్టర్ గొంతు పెంచాడు.

“ఒక్కడు మొక్కితే అమ్మ ఇంటదో ఇనదో. ఇద్దరం ఉంటె తప్పక ఇంటదనుకున్న. పిలగాడు సల్లగుండాలె గద” అంది సిద్దమ్మ, అదేదో పొలానికి నీళ్లు పెట్టడంలో సాయపడ్డట్టు.

ఆయనకు కోపం ఎక్కడికి పోయిందో పోయింది. తన కొడుకు కోసం పన్నెండు కిలోమీటర్ల అవతల ఒక పేద ముసలిది పద్దెనిమిదేళ్లు కడుపు కట్టుకుంది. ఒక్కనాడు నోరు తెరిచి చెప్పలేదు. ఇంత ప్రేమ పొందడానికి తానేం చేశాడో ఆయనకు గుర్తు రాలేదు.

“ఇగ నువ్వు ఉండొద్దు. నా మీద ఒట్టు” అన్నాడు.

“నువ్వు ఇడిస్తే నేనిడుస్త. నువ్వుంటె నేనుంట” అని అటు తిరిగి పడుకుంది. గోలీ ప్రభావం దిగేదాకా మర్నాడంతా దవాఖానాలోనే ఉంచి పంపినా ఆమె మాట మారలేదు.

ఒక్క సిద్దమ్మతోనే పోయేదైతే గోలీ వేళ మార్చి గండం గట్టెక్కించేవాడు. కానీ ఎల్లం తల గోక్కుంటూ అసలు సంగతి బయటపెట్టాడు. “ఒక్క సిద్దవ్వనే కాదు సార్. మస్తుమంది ఉంటరు. ఊర్లల్ల దీన్ని డాక్టర్ శుక్రారమంటరు. మీరు ఇంటె పరేషానైతరని నేను చెప్పలే.” పద్దెనిమిదేళ్లు ఏ రోజు అడగాల్సిందో ఆ రోజే ‘ఏం తిన్నవ్’ అని అడగలేదు కాబట్టి ఆయనకు తెలియలేదు. శనివారం నుంచి వచ్చిన ప్రతి షుగర్ మనిషినీ, గుండె మనిషినీ అడిగాడు. “శుక్రారం తింటవా?” సగం మంది దొంగచూపులు చూశారు. తినుండ్రి అని చెబితే అందరూ సరే అన్నారు. ఆ సరేలు ఆయనకు తెలుసు. నమ్మి చెడ్డవాడు లేడంటారు పెద్దలు. సిద్దమ్మను ఆ స్థితిలో చూశాక ఆ సామెత ఆయన నోట మళ్లీ రాలేదు.

ఇక మిగిలింది ఒకటే దారి. శుక్రవారం అందరి ముందూ తానే తినడం. తప్పిననాడు నీ ఇష్టం అన్నాడు కదా ఆనాడు. ఇప్పుడు తప్పితే? గురువారం పొద్దున శశిధర్ ఫోన్ చేసి, రేపు పెద్ద ర్యాలీ ఉందని, మొన్న పక్కవాడి తల పగిలిందని, తనకేం కాలేదని గడగడా చెప్పి పెట్టేశాడు. పైగా ఆ శుక్రవారం నవరాత్రుల్లోది. వాకిళ్లలో బతుకమ్మలు పేరుస్తున్నారు. ఏడుపాయల అమ్మకు అలంకారాలు జరుగుతున్నాయి. తప్పేవాడెవడైనా అలాంటి శుక్రవారం తప్పుతాడా?

ఆ సాయంత్రం పూజగది గుమ్మంలో కూర్చుని సుశీలకు చెప్పాడు. “నేను తినకుంటె సిద్దవ్వ పోతది. తింటె శశికి ఏమన్నయితదని భయమైతుంది. నేను డాక్టర్నని నాకు తెల్వదా సుశీలా? అయినా భయమైతుంది.”

సుశీల బతుకమ్మకు తుంచుతున్న గునుగుపూలు కట్ట కట్టి పక్కన పెట్టింది.

“అమ్మ అంటమే గద మనం ఆమెను” అంది. “ఏ తల్లన్న కొడుకు అన్నం తిన్నడని కోపం జేస్తదా? ముసలిదాన్ని సంపుకొని మొక్కు దీర్చుకుంటె చేస్తది గని.” ఆ మాట అంత ధైర్యంగా అన్నదే గానీ ఆ రాత్రి ఆమె కూడా సరిగా తినలేదు.

శుక్రవారం వచ్చింది. నగేష్‌కు ముందే చెప్పి ఉంచడం వల్ల పన్నెండింటికల్లా సిద్దమ్మను ఆటోలో తీసుకొచ్చాడు. దవాఖానా వరండా నిండా జనం. సుశీల ఎన్నడూ లేనిది తానే టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చింది. డాక్టర్ గదిలోకి పోలేదు. వరండాలోనే బెంచీ మీద, అందరి ముందర, సిద్దమ్మ పక్కన కూర్చున్నాడు. సుశీల డబ్బా విప్పి రెండు పళ్లేల్లో వడ్డించింది.

సిద్దమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. “వద్దు సారూ, నీకు దండం బెడ్త. నేను తింట. నిజంగనే తింట. నువ్వు తప్పకు. పిలగాడు ఆడ లాఠీల నడుమ ఉన్నడంట.”

“నువ్వు తింటవని నాకు నమ్మకం లేదవ్వా” అన్నాడు డాక్టర్. “నీకు నా మీదున్నంత నమ్మకం నాకు నీ మీద లేదు.”

చెయ్యి విడిపించుకుని ముద్ద కలిపాడు. కళ్లు మూసుకుని “అమ్మా, వాణ్ని నీ ఒళ్లో పెడ్తున్న” అని పైకే అన్నాడు, నోట్లో పెట్టుకున్నాడు. మొదటి ముద్ద గొంతులో అడ్డం పడింది. సుశీల నీళ్లిచ్చింది. రెండోది దిగింది. అది చూసి సిద్దమ్మ ఏడుస్తూ తన పళ్లెంలో చెయ్యి పెట్టింది. కాసేపటికి మూలన కూర్చున్న టేక్మాల్ ముసలాయన తువ్వాల మూట విప్పి జొన్నరొట్టె తీశాడు. ఆ పక్కావిడ సంచీలోంచి సద్దిగిన్నె తీసింది. ఎల్లం గ్లాసుల్లో నీళ్లు పోసుకుంటూ తిరిగాడు. జనంలోనే ఉన్న నర్సింగం పంతులు మాత్రం తనకేదీ దొరక్క సుశీలనే అడిగి తిన్నాడు.

సాయంత్రం డాక్టర్ ఇంటికొచ్చి దీపం పెట్టాడు. అమ్మతో ఏమీ అనలేదు, అనాల్సింది మధ్యాహ్నమే అనేశాడు. ఫోన్ ముందు కూర్చున్నాడు. ఏడయింది. మోగలేదు. ఏడుంపావు అయింది. వీధిలో ఆడవాళ్ల చప్పట్లు, బతుకమ్మ పాటలు. టీవీలో ర్యాలీ వార్తలొస్తుంటే సుశీల లేచి కట్టేసింది. ఆయనే చేయబోయాడు, కొడుకు సెల్‌ఫోన్ బంద్ ఉంది. ఏడున్నర దాటింది. ఆ నలభై నిమిషాల్లో ఆయన తిన్న ప్రతి ముద్దా తిరిగి లెక్కకు వచ్చింది. సుశీల వచ్చి పక్కన కూర్చుని ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఫోన్ మోగింది.

“బాపూ, నేనే. పొద్దటి సంది స్టేషన్‌ల కూసోవెట్టిండ్రు, సెల్‌ఫోన్లు గుంజుకుండ్రు. ఇప్పుడే ఇడిసిండ్రు. నాకేం గాలే.” వెనక ఎవరో నవ్వుతున్నారు, నినాదాలిస్తున్నారు. “లేటయింది గని, ఒక్కపొద్దు ఇడిసినవా?”

కొడుక్కి అబద్ధం చెప్పే అలవాటు ఆయనకు లేదు.

“ఇయ్యాల ఉండలే బిడ్డా. మధ్యాన్నమే తిన్న.”

శశిధర్ పద్దెనిమిదేళ్లలో వినని మాట అది. అవతల నినాదాలు వినిపిస్తున్నాయి. వాడు ఎక్కడికో పక్కకు నడిచినట్టున్నాడు, ఆ చప్పుడు తగ్గింది. ఎందుకని అడగలేదు. మళ్లీ మాట్లాడినప్పుడు వాడి గొంతు నాలుగేళ్ల పిల్లవాడి గొంతులా ఉంది.

“మంచిగ తిన్నవా బాపూ? ఏం కూర?”

ఇన్నేళ్లలో డాక్టర్ ఎంతమందిని ఆ మాట అడిగాడో, ఆయన్ను మాత్రం ఎవరూ అడగలేదు. ఫోన్ భార్య చేతికిచ్చి పైకండువాలో ముఖం దాచుకున్నాడు.

“పుంటికూర పప్పు బిడ్డా” అంది సుశీల. “నువ్వేం తిన్నవ్?”